గోధుమల దేశంలో గోధుమ లేని విందు

ఇటలీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి పిజ్జా, పాస్తా. రెండూ గోధుమవే. పొద్దున కాఫీతోపాటు కొరికే కొర్నెత్తో గోధుమదే. భోజనంలో ఏం తెప్పించుకున్నా పక్కన బుట్టలో పెట్టే రొట్టే గోధుమదే. అలాంటి దేశంలో గోధుమ ముట్టకూడని మనిషి హోటల్‌కి వెళితే పస్తుండాల్సిందే అనిపిస్తుంది. జరిగేది మాత్రం వేరు. సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు ధైర్యంగా బయట తినగలిగే దేశాల్లో ఇటలీ ముందు వరుసలో ఉంటుంది!

రవ్వంత చాలు...

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లుటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. చపాతీ పిండిని సాగేలా చేసేది అదే. సీలియాక్ ఉన్నవాళ్లు దాన్ని తింటే సొంత రోగనిరోధక వ్యవస్థే ఎదురు తిరిగి, చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత, నీరసం, పిల్లల్లో ఎదుగుదల లోపం... ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. కొందరికి పైకి ఏమీ కనిపించకుండానే లోపల నష్టం జరిగిపోతుంటుంది. ప్రపంచ జనాభాలో సుమారు ఒక శాతం మందికి ఈ సమస్య ఉందని అంచనా.

గోధుమే దీనికి మూలమని తేల్చింది నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె. అంతకుముందే ఆయనకు ఉన్న అనుమానం, రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఆ దేశంలో రొట్టె కరవైనప్పటి అనుభవంతో బలపడింది. 1950లో తన పరిశోధన గ్రంథంలో ఆ సంగతి వివరించాడు. జీవితాంతం గ్లుటెన్‌కు దూరంగా ఉండటమే దీనికి చికిత్స.

ఇంట్లో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. చిక్కంతా బయట తినేటప్పుడే. ‘గ్లుటెన్ రహితం’ అని రాయాలంటే కిలో ఆహారంలో గ్లుటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఐరోపాలోనూ, మన దేశంలోనూ ఇదే కొలత. ఆ లెక్కన రొట్టె కోసిన కత్తితో టొమాటో తరిగినా ప్రమాదమే. గోధుమ పాస్తా ఉడికిన నీళ్లలో బియ్యపు పాస్తా వేసినా ప్రమాదమే. అంటే, చూడాల్సింది మెనూ ఒక్కటే కాదు, వంటగది కూడా.

అక్కడా ఉంది మడి వంట!

నేపుల్స్ పిజ్జా చేసే కళకు 2017లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఆ పొయ్యిల దగ్గర నిలబడి చూస్తే కళ సంగతి ఎలా ఉన్నా, గాల్లో ఎగిరే పిండి కనిపిస్తుంది. అది వాలిన చోటల్లా గ్లుటెన్ ఉన్నట్టే. కాబట్టి గ్లుటెన్ లేని పిజ్జాను నిజాయతీగా చేయాలనుకున్నవాళ్లు దానికి వేరే చోటు, వేరే పళ్లెం, వేరే గరిటె పెడతారు. వేరే పొయ్యి పెట్టేవాళ్లూ ఉన్నారు. చూస్తుంటే మన బామ్మల మడి వంట గుర్తొస్తుంది. కాకపోతే ఈ మడి ఆచారం కోసం కాదు, ఆరోగ్యం కోసం.

అన్నీ ఇంత కష్టపడి చేయాల్సినవేం కాదు. ఉత్తరాదికి వెళితే పాస్తా కంటే వరి, మొక్కజొన్నల హవా కనిపిస్తుంది. ఐరోపాలో వరి ఎక్కువగా పండించేది ఇటలీయే. పో నదీ మైదానంలో వెర్చెల్లి, నొవారా చుట్టూ కనిపించే వరిమళ్లను చూస్తే గోదావరి జిల్లాలు గుర్తురాక మానవు. ఆ బియ్యంతోనే మిలాన్‌లో కుంకుమపువ్వు వేసి రిసొత్తో వండుతారు. వెనిస్ వైపు మొక్కజొన్న రవ్వతో చేసే పొలెంతా మన సంకటికి దూరపు చుట్టంలా ఉంటుంది. జెనోవాలో ఫరినాతా దొరుకుతుంది. శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో కాల్చిన అట్టు అది.

అయినా ఆరా తీయక తప్పదు. రిసొత్తోలో పోసే రసంలో గోధుమ కలిసిన మసాలా బిళ్ల వేశారేమో! ఫరినాతా పక్కన అదే పొయ్యిలో పిజ్జా కాలుతోందేమో! ఐస్‌క్రీమ్ దగ్గరా అంతే. కోన్ వద్దని కప్పు అడిగితే చాలదు, బిస్కట్ ఐస్‌క్రీమ్‌లో ముంచిన గరిటె పెట్టొద్దని చెప్పాలి. ‘సోనో చెలియాకో’, ఆడవాళ్లయితే ‘సోనో చెలియాకా’... అంటే ‘నాకు సీలియాక్ ఉంది’ అని. ఈ ఒక్క మాటతో చాలాచోట్ల విషయం అర్థమైపోతుంది. ఇక ‘సెన్‌త్సా గ్లూతినె’ అని రాసి ఉంటే అది గ్లుటెన్ లేనిదని గుర్తు.

తల్లిదండ్రులు కదిలితే...

ఈ మర్యాద దానంతటదే రాలేదు. సీలియాక్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి 1979లో ఇటలీ సీలియాక్ సంఘం పెట్టుకున్నారు. హోటళ్లవాళ్లకు శిక్షణ ఇచ్చి, వంటగదులు పరిశీలించి, నమ్మకంగా తినదగ్గ చోట్ల జాబితా తయారుచేయడం ఆ సంఘం చేసే పనుల్లో ఒకటి. 2005లో 123వ నంబరు చట్టం వచ్చింది. సీలియాక్‌ను సామాజిక వ్యాధిగా గుర్తిస్తూ బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ సంస్థల క్యాంటీన్లలో అడిగినవాళ్లకు గ్లుటెన్ లేని భోజనం పెట్టాలని అది చెప్పింది. హోటల్ రంగంలో పనిచేసేవాళ్ల శిక్షణలోనూ ఈ పాఠం చేర్చింది. ప్రత్యేక ఆహారం కొనుక్కోవడానికి వయసును బట్టి నెలనెలా ప్రభుత్వ సాయం అందుతుంది. 2023లో ఇంకో చట్టం చేసి, పిల్లలందరికీ ఈ వ్యాధి పరీక్షలు చేయించేందుకు దారి వేశారు.

బడిలో నలుగురితోపాటు కూర్చుని తినే పిల్లాడు తన కంచం వేరని సిగ్గుపడకూడదు. ఇన్ని ఏర్పాట్ల వెనకున్న ఆరాటం అదే.

మన సాంబారులో గోధుమ!

మరి మన దగ్గర? బియ్యం తినేవాళ్లం కాబట్టి భయం లేదనిపిస్తుంది. 2016లో వెలువడిన ఓ అధ్యయనం సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో ఉంటే దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే ఉన్నాయని చెప్పింది. తక్కువమందిలో ఉండటమే ఇక్కడి చిక్కు. సర్వర్‌కు ఆ పేరే కొత్త.

ఇడ్లీ రవ్వ బియ్యానిది, రవ్వ ఇడ్లీలోది మాత్రం బొంబాయి రవ్వ... అంటే గోధుమ. పెసరట్టు మంచిదే, లోపల ఉప్మా పెడితే కాదు. మినప దోసె వేసే పెనం మీదే అంతకుముందు రవ్వ దోసె కాలి ఉంటుంది. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, మైదాతో చేసిన మైసూరు బజ్జీ వేగిన నూనెలోనే అదీ వేగుతుంది. సాంబారులో వేసే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు. హైదరాబాదీ హలీమ్‌కి గోధుమే ప్రాణం. తాపేశ్వరం కాజా మైదాది, ఆత్రేయపురం పూతరేకు బియ్యప్పిండిది. పక్కపక్క జిల్లాల్లో కాదు, ఒకే గోదావరి సీమలో ఇంత తేడా!

‘ఏం కాదులెండి, కొంచెమే కదా... తినండి’ అనడం మన ఆతిథ్యం. సీలియాక్ ఉన్నవాళ్లను భయపెట్టేది సరిగ్గా ఆ ప్రేమే. ‘ఇందులో ఏం వేశారో నాకు తెలీదు, లోపల అడిగొస్తా’ అనే సర్వర్ వాళ్లకు దేవుడితో సమానం. ‘ఇది మీరు తినకూడదండీ’ అని చెప్పే వంటమనిషి అంతకంటే గొప్పవాడు. పిజ్జాల దేశం నేర్చుకున్నది ఆ మాట చెప్పడమే. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.