నిప్పుకొండ కింద నీళ్ళు

పిల్లలూ, పెద్దవాళ్ళు చెప్పేదల్లా సరైనదే అని మీరు అనుకుంటున్నారా? నా సంగతి వినండి.

ఒకనాడు మా మేనకోడలు అట్లాసు ముందు వేసుకుని కూర్చుని, "మామయ్యా, నిప్పుకొండలు ఎలా పుడతాయి?" అని అడిగింది.

ఇది కూడా ఒక ప్రశ్నేనా అనుకుని, "భూమి లోపలంతా కరిగిన రాయేనమ్మా! సందు దొరికిన చోటల్లా పైకి తన్నుకు వస్తుంది," అన్నాను.

ఆ పిల్ల పటం మీద వేలు పెట్టి జపాను, ఫిలిప్పీన్స్, జావా, సుమత్రా, మన అండమాన్ల దగ్గర ఉన్న బారెన్ దీవి, అన్నీ చూపించింది. "లోపలంతా నిప్పే అయితే, ఇవన్నీ సముద్రం పక్కన బారులు తీరి ఎందుకున్నాయి? మన ఊళ్ళో ఒక్కటీ లేదేం?" అన్నది.

నాకు జవాబు తోచలేదు. పుస్తకాలు తిరగవేయక తప్పింది కాదు. అప్పుడు తెలిసింది, నేను చెప్పింది శుద్ధ తప్పని!

మన కాళ్ళ కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది దాదాపు అంతా గట్టి రాయే. అది బాగా వేడిగా ఉన్నమాట నిజమే. కాని పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. 100 కిలోమీటర్ల లోతున పొడిరాయి కరగాలంటే 1,400 డిగ్రీలకు పైగా వేడి కావాలి. మరి నిప్పుకొండల కింద ఆ రాయి ఎలా కరుగుతున్నది?

భూమి పైపెంకు కొన్ని పెద్ద పలకలుగా ఉన్నది. కొన్నిచోట్ల సముద్రం అడుగున ఉండే పలక, మన గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా, పక్క పలక కిందికి దిగిపోతూ ఉంటుంది. కోట్ల ఏళ్ళు సముద్రంలో నానిన రాయి అది. అందులోని నీరు తడిగుడ్డలో నీరులాగా ఉండదు. రాతిలో కలిసిపోయి ఉంటుంది. సర్పెంటైన్ అనే ఆకుపచ్చ ఖనిజం ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, కాని దాని బరువులో నూటికి సుమారు పన్నెండు పాళ్ళు నీరే!

పలక లోతుకు పోయినకొద్దీ వేడీ, ఒత్తిడీ పెరిగి, ఆ ఖనిజాలు నీటిని వదిలేస్తాయి. ఆ నీరు పైనున్న వేడిరాతిలోకి ఎక్కుతుంది. అప్పుడు ఏమవుతుందో తెలియాలంటే గాజులు చేసేవాళ్ళ కొలిమిని తలుచుకోండి. ఒట్టి ఇసకను కరిగించాలంటే సుమారు 1,700 డిగ్రీల వేడి కావాలి. అందులో సోడాబూడిద కలిపితే అంతకన్న చాలా తక్కువ వేడికే కరుగుతుంది. రాతిలో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు గొలుసుల్లాగా అల్లుకుని ఉంటాయి. సోడా ఆ గొలుసులను తెంపుతుంది. భూమి లోపల నీరు చేసే పనీ అదే. నీరు తగిలిన రాయి 1,000 డిగ్రీల దగ్గరే కరగసాగుతుంది. నిప్పుకొండను ముట్టించేది నీరన్నమాట!

ఇదంతా ఎవరు చూసి వచ్చారు అంటారేమో. దానికీ సాక్ష్యం ఉన్నది. ఆకాశంలో పుట్టి, వానతో సముద్రం అడుగుకు చేరే బెరీలియం-10 అనే పదార్థం ఒకటున్నది. అది సుమారు 14 లక్షల ఏళ్ళకు సగమైపోతుంది. కనక భూమి లోపల ఎప్పటినుంచో ఉన్న రాతిలో అది మిగిలి ఉండదు. అటువంటి పదార్థం అలూషియన్ దీవుల లావాలోనూ, మధ్య అమెరికా లావాలోనూ ఉన్నట్టు శాస్త్రజ్ఞులు 1980ల్లో కనిపెట్టారు. సముద్రం అడుగున చేరిన మట్టి లోపలికి వెళ్ళి, లావాతో తిరిగి వచ్చిందన్నమాట.

ఈ రసాయనశాస్త్రం వల్ల ప్రాణాలు కూడా నిలిచాయి. ఫిలిప్పీన్స్‌లో పినటూబో అనే కొండ సుమారు 500 ఏళ్ళు నిద్రపోయి, 1991లో లేచింది. దాని కింద కరిగిన రాతిలో నూటికి ఆరు పాళ్ళ దాకా నీరుండేది. శాస్త్రజ్ఞులు దాని నుంచి వచ్చే గంధకపు వాయువును కొలిచారు. మే 13న రోజుకు 500 టన్నులు వచ్చింది, మే 28న 5,000 టన్నులు. జూన్ మొదటివారంలో అది బాగా తగ్గిపోయింది.

తగ్గితే మంచిదేగా అనిపిస్తుంది. కాని గోలీసోడాను చూడండి. గోలీ అడ్డం పడి ఉన్నంతసేపూ బుడగ కనిపించదు. గ్యాసు లేకనా? దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరుగుతున్నదేమో అని శాస్త్రజ్ఞులు భయపడ్డారు. భూమి అదరటం కూడా గమనించి, వేలాది మందిని అక్కడినుంచి కదిలించారు. జూన్ 15న కొండ బద్దలై, బూడిద సుమారు 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఆ రోజే తుపాను వచ్చింది. వానకు తడిసి బరువెక్కిన బూడిద కింద ఇళ్ళ కప్పులు కూలి, వందలమంది చనిపోయారు. ముందుగా కదిలించి ఉండకపోతే ఇంకా కనీసం 5,000 మంది పోయేవారని అంచనా.

ఇదంతా తెలుసుకున్నాక మా మేనకోడలిని పిలిచి, "నేను ఆనాడు చెప్పింది తప్పమ్మా," అని మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా విని, "అయితే బారెన్ దీవి కింద కూడా నీళ్ళేనా?" అని అడిగింది.

"నీళ్ళే. అక్కడ కిందికి పోతున్నది మన ఇండియా పలకే. ఆ దీవి కూడా నూరేళ్ళకు పైగా ఊరుకుని, మళ్ళీ 1991లోనే లేచింది," అన్నాను.

"రెండూ ఒకే ఏడు ఎందుకు లేచాయి?" అన్నది వెంటనే.

"ఆ రెండు కొండలకూ సంబంధం ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు," అన్నాను. ఈసారి మటుకు తెలిసినంతే చెప్పాను.