గాలి లెక్క

2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కోళిక్కోడు నగరమున ఫెడరేషన్ కప్పు పోటీలు జరిగెను. స్త్రీల నూరు మీటర్ల హర్డిల్స్ పందెమున విశాఖపట్టణపు యువతి యర్రాజి జ్యోతి 13.09 సెకండ్లలో గమ్యము చేరెను. అంతవరకు భారతదేశపు రికార్డు 13.38 సెకండ్లు, దానిని 2002లో అనూరాధా బిశ్వాల్ నెలకొల్పినది. ఇరువది యేండ్లు నిలిచిన ఆ రికార్డు ఆనాడు తొలగిపోవలసినదే. కాని తొలగలేదు. పరుగు సాగుచుండగా వెనుకనుండి వీచిన గాలి వేగము సెకండుకు 2.1 మీటర్లని యంత్రము చూపెను. రికార్డు చెల్లుటకు అది 2.0 మీటర్లను మించరాదు. బంగారు పతకము జ్యోతికే దక్కెను గాని, ఆ కాలము రికార్డుల పుస్తకమున కెక్కలేదు.

ఈ వార్త చదివి, ఇంత స్వల్పమైన గాలికి ఇంత పట్టింపా యని పలువురు ఆశ్చర్యపడిరి. నాకు అంత వింతగా తోచలేదు. నెల్లూరు సీమలో సముద్రపు టొడ్డున నున్న ఒక ఉన్నత పాఠశాలలో నేను చాలకాలము ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. మా ఆటస్థలమునకు తూర్పున సరుగుడు తోట, దాని కావల ఇసుక దిబ్బలు, ఆపైన సముద్రము. ప్రొద్దు వాలుచుండగా తూర్పునుండి గాలి లేచెడిది. డ్రిల్లు మాస్టరుగారు ముగ్గుపిండితో గీతలు గీయించి, పిల్లలను తోటవైపునుండి పడమటికి పరుగెత్తించినచో అందఱును లేళ్ళే. ఎదురుదిక్కునకు పరుగెత్తించినచో ఆ లేళ్ళే రొప్పుచు వచ్చెడివి. ఒకనాడాయన గడియారమును చూచుకొని మురియుచుండగా, జాలరుల పిల్లవాడొకడు, “తెరచాప యెత్తితే ఎవరి పడవైనా పోతుంది గదా, అయ్యవారూ!” అనెను. మేమందఱము నవ్వితిమి. గాలి నియమమంతయు ఆ బాలుని మాటలో నున్నది.

ఒకే పందెములో పరుగెత్తువారి కందఱికిని గాలి యొక్కటే. కావున పతకములకు గాలి అడ్డుపడదు. కాని కోళిక్కోడులో నేడు పరుగెత్తిన దానిని, వేఱొక యూర ఇరువది యేండ్ల క్రిందట పరుగెత్తిన దానితో పోల్చవలెనన్నచో గాలిని లెక్కింపక తప్పదు. అందులకై గమ్యరేఖకు 50 మీటర్ల యీవల, నేలకు 1.22 మీటర్ల యెత్తున గాలిని కొలుచు యంత్రము నుంతురు. ఈ పందెమునకు తుపాకి మ్రోగినది మొదలు 13 సెకండ్లు కొలుతురు. వెనుకగాలి 2.01 మీటర్లు వచ్చినను దానిని పైకి పెంచి 2.1 అనియే వ్రాయుదురు. ఆకులను కదలించునంతటి గాలియే అది!

జ్యోతి 1999లో జన్మించినది. తండ్రి కావలి యుద్యోగి. తల్లి ఇతరుల యిండ్లలో పనిచేసి సంసారమునకు తోడ్పడినది. విశాఖలోని పోర్టు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పొడవును చూచి, ఈ బాలిక హర్డిల్స్‌కు తగునని గుర్తించెను. తరువాత హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్దను, భువనేశ్వరములో జేమ్స్ హిల్లియర్ వద్దను శిక్షణ పొందెను. ఈ పందెమున పది హర్డిళ్ళుండును. ఒక్కొక్కదాని యెత్తు 83.8 సెంటీమీటర్లు, నడుమ దూరము 8.5 మీటర్లు. ఆ దూరమును మూడే అడుగులలో దాటవలెను. పొడవైన కాళ్ళు దాటుటకు మేలే గాని, నడుమ అడుగులను కుదించుకొనుట కష్టము.

కోళిక్కోడు ఆమెకు మొదటి దెబ్బ కాదు. 2020లో మూడబిదిరిలో విశ్వవిద్యాలయముల పోటీలందు 13.03 సెకండ్లలో పరుగెత్తినను, అచట మాదకద్రవ్య పరీక్ష జరుగకపోవుట మొదలగు కారణములచే అది చెల్లలేదు. తుదకు 2022 మే 10వ తేదీన సైప్రస్ దీవిలోని లిమసోల్‌లో 13.23 సెకండ్లతో రికార్డు ఆమె దాయెను. అప్పుడు గాలి 0.1 మీటరు ఎదురుగా వీచుచుండెను. ఆమె అంతకుముందు పరుగెత్తిన రెండు కాలములకంటె ఇది మందము! అయినను చెల్లినది ఇదియే. ఆ యక్టోబరులో గాంధీనగరమున జాతీయ క్రీడలందు 12.79 సెకండ్లు, గాలి 2.5 మీటర్లు, మరల చెల్లలేదు. కొలది దినములకే బెంగుళూరులో నియమమునకు లోబడిన గాలిలో 12.82 సెకండ్లు. పదమూడు సెకండ్ల లోపున ఈ పందెమును చెల్లునట్లుగా ముగించిన మొదటి భారతీయ వనిత ఆమెయే. గాలిని నిందించుచు కూర్చుండక, మరల మరల గీతవద్దకు పోయి నిలుచుట నా కెక్కువ నచ్చినది.

అట్లని ఆమె ప్రతిదానికిని తలవంచునది కాదు. 2023 అక్టోబరు 1వ తేదీన చైనాలోని హాంగ్‌చౌలో ఆసియా క్రీడల తుదిపందెమున, ప్రక్కనున్న వూ యాన్నీ తుపాకి మ్రోగకమున్నే కదలెను. అధికారులు జ్యోతిని సైతము తొలగింపబోయిరి. తాను ముందు కదలలేదని ఆమె గట్టిగా వాదించెను. చిత్రములను పరీక్షించి, ఇరువురను పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకండ్లలో మూడవదిగా వచ్చెను. పిదప వూ యాన్నీని తొలగింపగా వెండి పతకము జ్యోతికి వచ్చెను.

2024 పారిస్ ఒలింపిక్సుకు నేరుగా అర్హత 12.77 సెకండ్లు. జ్యోతి 2023లో చెంగ్డూలోను, 2024లో ఫిన్లండులోను 12.78లోనే ముగించెను. నూరవవంతు సెకండు! కనుఱెప్ప పాటుకంటె తక్కువ. ప్రపంచ శ్రేణిని బట్టి ఆమెకు ప్రవేశము లభించెను. ఒలింపిక్సులో ఈ పందెమున పాల్గొన్న మొదటి భారతీయ వనిత యైనను, తొలిపరుగులో 13.16 సెకండ్లతో ఏడవదిగా నిలిచి, ముందునకు పోలేకపోయెను.

2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమి నగరమున ఆసియా పోటీలు జరిగెను. 2023లో బ్యాంకాకున గెలిచిన స్వర్ణమును జ్యోతి అచట నిలుపుకొనెను. కాలము 12.96 సెకండ్లు. ఈమారు గాలి అడ్డుచెప్పలేదు. అది ఆ పోటీల రికార్డుగా నమోదైనది.