తహ్‌ఖానా లేని ఊళ్లో సమాఖానా

ఉర్దూలో రెండు మాటలున్నాయి. తహ్‌ఖానా అంటే ఇంటి కింద, నేలలోకి దిగి కట్టుకునే గది. సమాఖానా అంటే నలుగురూ కూర్చుని వినడానికి కట్టుకునే గది. మొదటిది ఢిల్లీ, ఆగ్రా కోటల్లో ఉంది. ఎండాకాలం బాద్‌షాలు అందులోకి దిగి చల్లగా కూర్చునేవాళ్లు. రెండోది సూఫీ బుజుర్గుల సంగతి. టర్కీలో మౌలానా రూమీ సిల్‌సిలా వాళ్లు దానికోసం పెద్ద హాళ్లే కట్టుకున్నారు. ఇప్పుడు సంగీతం పిచ్చి ఉన్నవాళ్లు ‘లిజనింగ్ రూమ్’ అంటున్నది ఈ సమాఖానానే. అమెరికా వాళ్లు దాన్ని తీసుకెళ్లి తహ్‌ఖానాలో పెట్టారు. చుట్టూ మట్టి, నెత్తిన ఇల్లు. సగం ఆవాజ్‌ని నేలే మింగేస్తుంది.

మన బెజవాడలో ఆ తర్కీబ్ కుదరదు. కృష్ణ ఒండ్రు మీద ఉన్న ఊరు ఇది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. పునాది తవ్వితే చెమ్మ, ఇంకాస్త తవ్వితే నీళ్లు. అపార్ట్‌మెంట్లకు సెల్లార్లు ఉన్నాయి నిజమే, అవి బండ్లు పెట్టుకోవడానికి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు రిపోర్టర్లు పంపిన ఫొటోలు డెస్క్‌లో కూర్చుని రాత్రంతా చూశాను. సింగ్‌నగర్‌లో సెల్లార్లు కాదు, కింది అంతస్తులే మునిగాయి. అలాంటి ఊళ్లో వేల రూపాయల స్పీకర్లు పట్టుకెళ్లి నేల కింద పెట్టమని ఎవరికీ చెప్పను.

కాబట్టి మా సమాఖానా నేల మీదే ఉంది. వించిపేటలో మా పాత ఇంట్లో మెట్ల పక్కన స్టోర్ రూమ్. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఒక గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి.

గది ఎవరి కోసమో చెప్పాలి. మా అబ్బా కోసం. గుడివాడ వైపు ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు ఇంజన్ పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. ఇషా నమాజు అయ్యాక కాసెట్లు పెట్టుకుంటారు. ఖవ్వాలీ, గజల్, నాత్, మధ్యలో ఘంటసాల. వినపడదు కాబట్టి వాల్యూమ్ పెంచుతారు. పెంచినా వినపడదు. ఒకరోజు ఆయనే చెప్పారు: ‘బేటా, ఆవాజ్ ఆరీ, లఫ్జ్ నై ఆరే.’ ధ్వని వస్తోంది, మాటలు రావడం లేదని.

చెవి డాక్టరు గ్రాఫు తీసి చూపించారు. కింది స్వరాల దగ్గర గీత బాగానే ఉంది. 4,000 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి బావిలోకి దిగినట్టు పడిపోయింది. ఏళ్ల తరబడి మిషన్ల మోతలో పనిచేసినవాళ్లకు ముందు పోయేది అక్కడేనట. సీన్, షీన్, ఫే, తే, కాఫ్, ఈ హర్ఫులన్నిటి పదును అక్కడే ఉంటుంది. అవి పోతే మిగిలేది గొంతు తాలూకు గుయ్‌మనే మోత. అబ్బా అన్నదీ, గ్రాఫు చెప్పిందీ ఒకటే.

ఇంకోవైపు పక్కింటి పిన్నిగారు. ఆమె మనవడు ఇంటర్ రెండో సంవత్సరం. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి, ‘ఏమయ్యా, పెద్దాయనని ఏమనకు. పరీక్షలయ్యేదాకా కాస్త చూడు. పాట వినపడితే బాగానే ఉండును, మాకు గోడలోంచి దబ్‌దబ్ అని దెబ్బే వస్తోంది’ అంది. గోడల స్వభావమే అది. పై స్వరాల్ని ఆపుతాయి, కింది స్వరాల్ని వదిలేస్తాయి. తబలాలో కుడిచేతి తునుకలు మా ఇంట్లో ఉండిపోయి, ఎడమచేతి డగ్గా ఒక్కటే ఆమె ఇంటికి పోతోంది. అంటే అబ్బా వాల్యూమ్ పెంచిన కొద్దీ ఆయనకు దక్కాల్సిన లఫ్జ్ దక్కక, హమ్‌సాయాకు అక్కర్లేని దెబ్బ చేరుతోంది. హమ్‌సాయా హక్కు ఎంత పెద్దదో చిన్నప్పుడు మద్రసాలో అందరం చదువుకున్నాం. సర్కారు లెక్క కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు.

హెడ్‌ఫోన్ పెట్టుకోమనొచ్చు కదా అంటారు. పెట్టాం. రెండు రోజులు పెట్టుకుని తీసేశారు. ఖవ్వాలీ ఒక్కడే వినేది కాదు, పక్కన ఒకడు ‘వాహ్’ అనాలి అన్నారు. చెవి మిషన్ మాటలకు పనికొస్తుంది, పాట దాంట్లో రేకు డబ్బా మోతలా ఉందన్నారు. ఇక గదే మిగిలింది. మా బేగం ఇచ్చిన హద్దు 40 వేలు.

మిస్త్రీ వచ్చి చూసి, ‘సార్, కోడిగుడ్ల అట్టలు అతికిద్దాం. యూట్యూబ్‌లో చూశా’ అన్నాడు. మన జిల్లాల్లో గుడ్లకూ కరువు లేదు, అట్టలకూ కరువు లేదు. కానీ అట్ట ఆవాజ్‌ని ఆపదు, పైగా నిప్పు రవ్వ పడితే గది మొత్తం అంటుకుంటుంది. నల్లటి చవక ఫోమ్ ఇంకా ప్రమాదం. కాలితే వచ్చే పొగే మనిషిని చంపేస్తుంది. ఈ రెండూ ఎవరు చెప్పినా పెట్టకండి.

ఇక్కడ ఒక ఫర్క్ తెలియాలి. ఆవాజ్ బయటికి పోకుండా ఆపడం ఒక పని. లోపల గోడలకు కొట్టుకుని తిరగకుండా మెత్తబరచడం ఇంకో పని. జనం రెండోదానికి వాడే సరుకు తెచ్చి మొదటి పని చేయమంటారు. ఆపడానికి కావాల్సింది బరువు. సందు లేకపోవడం. అంతే.

బరువు మా ఇంట్లో ముందే ఉంది. పాతకాలపు 9 అంగుళాల ఇటుక గోడ, రెండువైపులా ప్లాస్టరింగు. అలాంటి గోడ సుమారు 50 డెసిబెల్స్ ఆపుతుంది. మరి పిన్నిగారికి ఎందుకు వినపడింది? సందుల వల్ల. గోడ మొత్తంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, మిగతా 99 వంతులు కోటగోడ కట్టినా 20 డెసిబెల్స్‌కు మించి ఆగదు. మా గదిలో పైన రెండు వెంటిలేటర్లు, సందులోకి ఒక కిటికీ, చాలీచాలని తలుపు, దాని కింద వేలు పట్టే ఖాళీ, కేబుల్ కోసం ఎవరో కొట్టి వదిలేసిన రంధ్రం. డబ్బులు గోడకు కాదు, వీటికి పెట్టాలి.

వెంటిలేటర్లలో ఇటుక పేర్చి సిమెంటు చేశాం. కిటికీకి లోపలి నుంచి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు కలిపి ఒక పలక, కావాలంటే ఊడదీసుకునేట్టు. రంధ్రాల్లో పుట్టీ కాదు, ఎండినా బీటలివ్వని సీలెంట్. ఎక్కువ ఖర్చు దర్వాజాకే అయింది. పాత తలుపు తీసేసి బరువైన గట్టి తలుపు, దాని మీద ఇంకో ప్లైవుడ్ పొర, ఆ బరువుకు నాలుగు కీళ్లు. చుట్టూ బిగించే రబ్బరు బీడింగ్ ఆటోనగర్‌లో దొరికింది, బస్సు తలుపులకు వేసేది. మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు. తలుపు కింద ఖాళీ మాటేమిటి? గడప పెట్టించాం. కొత్త ఇళ్లల్లో గడప తీసేసి టైల్స్ పరిచేస్తున్నారు. మన పెద్దవాళ్ల గడప దుమ్మునీ, తేలునీ, ఆవాజ్‌నీ మూడింటినీ ఆపేది. అబ్బా కాలికి తగలకుండా అంగుళం ఎత్తే పెట్టి, పసుపు రంగు వేశాం.

విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. రేడియో స్టూడియోల్లోకి వెళ్లినవాళ్లకు తెలుసు, ఒక తలుపు తీస్తే చిన్న ఖాళీ గది, దాని తర్వాత ఇంకో తలుపు. రెండూ ఒకేసారి తెరవరు. మాకు రెండో తలుపుకు చోటూ లేదు, పైకమూ లేదు. కప్పుకు కూడా ఏమీ చేయలేదు. దానికి దిగితే బడ్జెట్ సగం అక్కడే పోయేది. పైన ఉండేది తమ్ముడు. సొంతవాడు, ఓర్చుకోవాలి.

ఇక లోపలి సంగతి, అబ్బాకు అసలు మేలు చేసింది అదే. బీజాపూర్ గోల్ గుంబజ్ చూశారా? ఒకసారి చప్పట్లు కొడితే పదేపదే వినిపిస్తాయి. తమాషాగా ఉంటుంది, కానీ అక్కడ నిలబడి ఒక మాట చెబితే అర్థం కాదు. ముందు లఫ్జ్ తోక వచ్చి వెనక లఫ్జ్ మీద పడుతుంది. ఖాళీ గదిలో కూడా అదే జరుగుతుంది, చిన్న కొలతలో. మంచి చెవి దాన్ని సర్దుకుంటుంది, దెబ్బతిన్న చెవి సర్దుకోలేదు. 1895లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒక లెక్చర్ హాలు కట్టించుకుంటే మాట 5 సెకన్లకు పైగా మోగుతూనే ఉండి ఒక్క ముక్క అర్థం కాలేదు. వాలస్ సబీన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి అప్పగించారు. ఆయన పక్క థియేటర్ నుంచి కుర్చీల గద్దీలు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఒక్కో వరసా పరుస్తూ మోత ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. గదుల ధ్వని శాస్త్రం అలా గద్దీల మీద పుట్టింది.

మనం గద్దీలకు గరీబులం కాదు కదా. అమ్మీ జహేజ్‌లో తెచ్చిన రెండు పెద్ద రజాయిలు వెనక గోడకు మడతలుగా వేలాడదీశాం. కింద దరీ. పక్క గోడలకు 2 అంగుళాల రాక్‌వూల్ పలకలు ఆరు, చెక్క ఫ్రేముల్లో. రాక్‌వూల్ రాతి నార, కాలదు. కోసేటప్పుడు మాస్కు కట్టుకోండి, దురద పుడుతుంది. మీద కప్పడానికి పెడనలో అచ్చేసిన కలంకారీ నూలు గుడ్డ తెచ్చాం. గుడ్డలోంచి ఊదితే గాలి పోవాలి, అదే పరీక్ష. రెక్సిన్ వేస్తే దండగ. పలకల్ని గోడకు ఆనించలేదు. 2 అంగుళాల ఎడం వదిలాం, నేల నుంచి అర అడుగు పైకి పెట్టాం. పాత గోడల్లో కిందనుంచి చెమ్మ ఎక్కుతుంది, ఆనిస్తే బూజు పడుతుంది. పైగా ఆ ఎడం వల్ల పలక ఇంకాస్త కింది స్వరాల్ని కూడా పట్టుకుంటుంది. డగ్గా అంత కిందిది మాత్రం 2 అంగుళాలకు లొంగదు. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులు కావడంతో 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే గుమ్మంటుంది. దానికి మందు, డెక్ మీద బేస్ తిప్పుడు బిళ్లని సగం తగ్గించడం. పైసా ఖర్చు లేదు.

పైసా ఖర్చు లేనిది ఇంకోటి. కుర్చీని స్పీకర్లకు దగ్గరగా జరిపాం, 8 అడుగుల నుంచి 4 అడుగులకు. దూరం సగమైతే నేరుగా వచ్చే ఆవాజ్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ మేరకు వాల్యూమ్ తగ్గించవచ్చు. గోడలు ఆపే దానికంటే, అబ్బా తిప్పకుండా వదిలేసిన ఆ బిళ్ల మాకు ఎక్కువ మేలు చేసింది.

సందులన్నీ మూసేశాక వచ్చేది ఉక్క. మే నెలలో బెజవాడలో మూసిన గది అంటే తందూరు. ఏసీ మా హద్దులో లేదు. మిస్త్రీ, నేను కూర్చుని రెండు చెక్క పెట్టెలు చేయించాం. లోపల అడ్డగోడలు, వాటికి రాక్‌వూల్ పూత, గాలి మూడు మలుపులు తిరిగి బయటికి పోవాలి. లక్నో భూల్‌భులయ్యా లాంటిది. గాలి దారి వెతుక్కుంటుంది, ఆవాజ్ మలుపుల్లో అలసిపోతుంది. ఒకదానికి మెల్లగా తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను. ఏప్రిల్ దాకా సరిపోతుంది. మే నెలలో అబ్బా మెహఫిల్ ఫజ్ర్ తర్వాతకు మారుతుంది.

మా ఇంట్లో సంగీతం మీద రెండు రాయిలున్నాయి, దాచేదేముంది. తమ్ముడు దఫ్ తప్ప ఏ వాద్యమూ వినడు. వాడి నమ్మకం వాడిది, నేను ముఫ్తీని కాను. గది గురించి ఒక్క మాట మాట్లాడకుండా ఇటుకలు మాత్రం మోశాడు. పని అయ్యాక అబ్బాకే కొత్త ఇబ్బంది వచ్చింది. తలుపు వేస్తే అజాన్ వినపడటం లేదు. ‘కైకా కమ్రా బనాయే జీ, అజాన్ భీ నై ఆతీ’ అని రెండు రోజులు లోపలికే రాలేదు. మూడో రోజు తమ్ముడే గదిలో ఒక ఆకుపచ్చ బల్బు పెట్టి, దాని స్విచ్ పైన తన వరండాలోకి లాక్కున్నాడు. అజాన్ మొదలుకాగానే నొక్కుతాడు. వాడు మస్జిద్‌కు పోతూ నొక్కడం, ఈయన కాసెట్ ఆపి లేవడం ఒకేసారి జరుగుతున్నాయి.

లెక్క 38 వేల చిల్లర తేలింది. పిన్నిగారి గోడ దగ్గర ఫోనుతో కొలిస్తే తేడా కనిపించింది. ఫోను లెక్కని నమ్మే కన్నా ఆమెని అడగడం మేలని అడిగాను. ‘ఉందో లేదో అన్నట్టుంది. పెద్దాయనకి ఒంట్లో బాగానే ఉందా?’ అంది.

పోయిన జుమా రాత్రి అబ్బా ఒక పాత కాసెట్ తీశారు. బందరులో మా ఫుప్ఫూ నిఖా నాడు ఆంగన్‌లో రికార్డు చేసింది. అమ్మీ నాత్ చదివింది. అమ్మీ పోయి తొమ్మిదేళ్లు. నాత్ అయిపోయాక టేపు ఆపడం ఎవరో మర్చిపోయారు, వెనక ఆడవాళ్ల మాటలు. అందులో అమ్మీ ఎవరితోనో ఏదో అంటుంది. చెవి పాడయ్యాక అబ్బాకు అది వట్టి గుయ్‌మనే మోత. మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం, కానీ ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రి రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, ‘చా ఠండీ హో జారీ బోల్రీ. ముజేచ్ బోల్రీ’ అన్నారు. చాయ్ చల్లారిపోతోందట. తనతోనే అంటోందట.

టేపు చాలా వదులైంది. చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంది, ఇంకో కాసెట్ నుంచి తీసి అతికించాలి. ఆ పనయ్యాక కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. రెండో వైపు ఇంకా వినలేదు.