పాత ఫొటోకు కెమెరానా, స్కానరా?



ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టుకు పిల్లలు పాత ఫొటోలు అడిగితే ఫోన్‌తో తీసి పంపేస్తున్నారా? విడి ఫొటో అయితే స్కానరే మేలు. 4×6 అంగుళాల ప్రింటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే 1800×1200 పిక్సెల్స్ వస్తాయి. ఆన్‌లైన్‌లో పంచుకోవడానికి అది చాలు. పాస్‌పోర్ట్ సైజుకైతే 600 పెట్టండి.

ఆల్బమ్‌కో, ఫ్రేము అద్దానికో అతుక్కుపోయిన వాటిని మాత్రం పీకకండి. మా తాతయ్యది మిగిలింది ఒక్కటే ఫొటో, అదీ అద్దానికి అంటుకుపోయింది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, ఫ్లాష్ ఆపి, కెమెరాతోనే తీశాను. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

ఫొటోలో ఎవరెవరున్నారో పెద్దవాళ్లను అడిగి, పిల్లల చేత పేర్లు రాయించండి. తాతయ్య పక్కన నిలబడ్డవాళ్లను గుర్తుపట్టేది మా ఇంట్లో ఇప్పుడు అమ్మమ్మ ఒక్కతే.