టవరూ టెర్మినలూ

మామునూరు విమానాశ్రయం నిజాం కాలంలో, 1930లో కట్టింది. 1981లో మూతపడింది. ఆ చుట్టుపక్కల బీళ్ళల్లనే మా నాయిన దొర గొడ్లను మేపిండు. 2025 ఫిబ్రవరిలో దాన్ని మళ్ళీ తెరవడానికి కేంద్రం అనుమతిచ్చింది. అప్పటిసంది మా వాడ పిల్లల నోట ‘ఏవియేషన్’ అనే మాట ఇనవడుతాంది.

మా చెల్లె హన్మకొండలో మాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసింది. మా ఇంట్ల డిగ్రీ చదివినోళ్ళల్ల నేను మొదలు, ఆమె రెండు. ‘అన్నా, ఏవియేషన్ల పీజీ చేస్త’ అన్నది. ఇద్దరం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థకు పోయినం. అద్దాల గది, చల్లటి గాలి. రెండేండ్ల ఎంబీఏ ఫీజు నా ఏడాది జీతం కంటె ఎక్కువ. ‘ఎస్సీ పిల్లలకు ఏమన్న తగ్గిస్తరా?’ అని అడిగిన. ‘ఇక్కడ క్యాస్ట్ ఫీలింగ్ ఏం లేదు సార్’ అని నవ్విండు కౌంటర్ కాడ ఉన్నాయన. కులం లేదన్న చోట ముందుగాల పోయేది మన రిజర్వేషనే.

తిరుగు బస్సుల ఇదే ఆలోచించిన. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. టెర్మినల్ నడిపేది జీఎంఆర్ అనే ప్రైవేటు కంపెనీ. విమానాన్ని దింపే, లేపే టవర్‌లో కూర్చునేది మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, సర్కారు సంస్థ. టవర్ కొలువుకు రిజర్వేషన్ ఉంది, టెర్మినల్ కంపెనీ కొలువుకు లేదు. ఒక్క ప్రహరీ లోపల్నే ఊరూ వాడా! ఎయిర్ ఇండియా సర్కారు చేతుల ఉన్నన్నాళ్ళు అండ్ల రోస్టర్ ఉండేది. 2022 జనవరి 27న అది టాటాలకు పోయింది. విమానాలకు ధర కట్టిండ్రు గాని, దాంతోపాటు పోయిన మన వాటాకు ధర కట్టినోడు లేడు.

విచిత్రమేందంటే, టవర్ కొలువుకు పీజీ అక్కర్లేదు. జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షకు మాథ్స్, ఫిజిక్స్ ఉన్న బీఎస్సీ చాలు. వయసు 27 దాక, ఎస్సీలకు ఇంకో 5 ఏండ్లు. ఎంపికైతే శిక్షణ వాళ్ళే ఇస్తరు. లక్షలు పోసి చదివే పీజీ మనల్ని రిజర్వేషన్ లేని దిక్కుకు తోలుతాంది. పీజీ దండగ అనను. చదవాలె, కని ముందుగాల కాలు మోపే జాగ ఏదో చూసుకోవాలె.

చెల్లె ఒప్పుకోలే. ‘అండ్ల వాయిస్ టెస్ట్ ఉంటదన్నా. నా ఇంగ్లీషు ఇంటే నవ్వుతరు’ అన్నది. మా తాత డప్పు కొట్టి ఊరంత చాటింపు చేసిన మనిషి. ఆయన గొంతు ప్రతి గడప లోపలికీ పోయేది, ఆయన మాత్రం గడప అవతలే. ఆయన మనుమరాలికి గొంతు భయం!

అప్పుడు ఒక సంగతి చెప్పిన. నంబర్లు తప్పుగ ఇనవడకుండ విమాన రేడియోలో పలికే తీరును అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఖాయం చేసింది. అండ్ల మూడును ‘ట్రీ’ అనాలె, అయిదును ‘ఫైఫ్’, తొమ్మిదిని ‘నైనర్’. ‘థ్రీ’ని ‘ట్రీ’ అన్నందుకే నన్ను కాలేజీల బెంచీ ఎక్కించి నవ్విండ్రు. ‘నిజంగనా అన్నా?’ అని నాలుగుసార్లు అడిగింది.

ఇప్పుడు పొద్దుగాల్నే దొడ్లె నిలవడి ‘ట్రీ, ఫైఫ్, నైనర్’ అని గట్టిగ చదువుతాంది. బర్రెకు కుడితి పోసుకుంట మా అమ్మ, ‘పిల్లకు ఏమైందిరా?’ అంటాంది.