ఫలక్‌నుమా కొండమీద తేనీటి విందు

గుంటూరువారమగు మాకు ఫలక్‌నుమా యనగా చిరకాలము ఒక రైలుబండి పేరు మాత్రమే. సికింద్రాబాదున బయలుదేరి నల్లగొండ, గుంటూరు, బెజవాడల మీదుగా హౌరాకు బోవు ఆ బండిని మా యూరి స్టేషనులో ననేక పర్యాయములు చూచితిమి. ఆ పేరుగల సౌధ మొకటి హైదరాబాదులో గలదని వినియుంటిమి గాని, అందు మధ్యాహ్నపువేళ కూర్చుండి తేనీరు త్రాగు భాగ్యము మాకు గలుగునని యెన్నడును దలంచలేదు. పోయి చూచివచ్చిన పిదప, సోదరీమణులకు దెలుపదగిన సంగతులు కొన్ని యందు గలవని తోచినందున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

మా మరిది హైదరాబాదులో నుద్యోగి. మా యత్తగారికి ఈ యేడు డెబ్బది యేండ్లు నిండినవి. తల్లికి నగయో పట్టుచీరయో కొనిపెట్టుటకు మాఱుగా, ఆమెను, మమ్మును, తన భార్యను ఫలక్‌నుమాకు బంపుటకై యాతడు ముందుగనే మూడు స్థానములు నిర్ణయించి యుంచెను. మాది బడిపంతులుగారి యిల్లు. ఆ సంగతి విన్నతోడనే మావారు కాగితము తీసి లెక్కవేసి, ముగ్గురి తేనీటి వెల మా యింటి నాలుగు మాసముల పాలపద్దుకు సరిపోవునని తేల్చిరి. లెక్క తప్పు గాదు. అత్తగారు "ఎందుకు నాయనా, ఇంటనే పెట్టుకొందము" అనిరి. అప్పుడు మా తోడికోడలు మెల్లగా నొక మాట యనెను: "మామగారి షష్టిపూర్తికి రెండువందల మందికి భోజనము పెట్టితిమి. ముందురాత్రి జాముదాటువఱకు అత్తయ్యగారు వంటయింటనే యుండిరి. నాడు పాలలెక్క యెవరును వేయలేదు గదా!" మావారు కాగితము మడిచి జేబులో బెట్టుకొని, ఆ సాయంకాలము పిల్లలను తాము చూచుకొందుమని చెప్పిరి. అంతతో ప్రయాణము నిశ్చయమయ్యెను.

ఫలక్‌నుమా యను పారశీకపదమునకు ఆకాశమును బోలినది, ఆకాశదర్పణము అని యర్థము చెప్పుదురు. చార్మినారునకు దక్షిణముగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరమున నొక కొండకొమ్మున నీ సౌధ మున్నది. పాయెగా వంశీయులగు నవాబు వికారుల్ ఉమ్రాగారు 1884వ సంవత్సరము మార్చి 3వ తేదీన దీనికి శంకుస్థాపన చేసిరి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారికి వీరు బావమఱది వరుస. పిదప 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రిగా నుండిరి. కట్టడము ముగియుటకు సుమారు పదేండ్లు పట్టెను. ఇటలీనుండి చలువరాయి వచ్చెను. అంతటి ధనవంతునికే ఆ వ్యయము భారమయ్యెనందురు. కొలది కాలమునకే యా సౌధము నిజాముగారి పరమయ్యెను. మహబూబ్ అలీఖానుగారు 1911లో నిచ్చటనే కాలధర్మము నొందిరి. పిదప బహుకాలము తలుపులు మూయబడియుండెను. తాజ్ హోటళ్లవారు దీనిని గైకొని పదేండ్లు మరమ్మతు చేయించి 2010లో హోటలుగా దెఱచిరి. ఎనిమిదవ నిజామనబడిన ముకర్రం జాగారి మొదటి భార్యయు, తురుష్కదేశపు పుట్టింటి యాడుబిడ్డయు నగు ఎస్రా రాకుమారిగారు ఆ జీర్ణోద్ధరణకు బూనుకొని దగ్గఱనుండి చూచుకొనిరి. శిథిలమగుచున్న పాతయింటిని మరల నిలువబెట్టుటలో నొక స్త్రీ చేయి యున్నదని వినినపుడు మాకు సంతోషము కలిగినది.

కొండక్రింది ద్వారమున కాగితములు చూచి లోనికి విడిచిరి. బస చేయువారికి గుఱ్ఱపుబండి నెదురు పంపుట యిచ్చటి మర్యాద. మమ్ము చిన్న మోటారుబండిలో పైకి గొనిపోయిరి. పైన మెట్లకడ నిలిచి వెనుకకు జూడగా నగరమంతయు క్రింద బఱచిన బొంతవలె నుండెను. ఇండ్ల నడుమ గుమ్మటములును, మినారులును, నీళ్లతొట్లును, దూరముగా క్రొత్తమేడలును గనబడుచుండెను. లోనికి బోగా చలువరాతి నేల నిగనిగలాడుచు మా నీడలను మాకే చూపుచుండెను. మయసభలో నేలను నీరనుకొని దుర్యోధనుడు బట్టలెగదోసుకొన్న కథ మాకు జ్ఞప్తికి రాగా, మా తోడికోడలు కుచ్చిళ్లు పట్టుకొనుట చూచి యామెకును నదియే తోచినదని నవ్వుకొంటిమి. ఇందలి భోజనశాలలో నూటొక్కరు వరుసగా గూర్చుండదగిన బల్ల యొకటి కలదు. అంత పొడుగు బల్లకు వడ్డించినవారెందరో, వారి కాళ్లెంత నొచ్చినవో యని మా యత్తగారు తలపోసిరి. ఆమెకు గృహమందలి ప్రతి వస్తువును దానివెనుక నున్న పనినే తలపించును.

ఇక తేనీటి సంగతి. ఒకదానిపై నొకటిగా మూడు పళ్లెములు గల యంతస్తుల పళ్లెరమును బల్లమీద నుంచుదురు. అడుగుపళ్లెమున సన్నని రొట్టెముక్కల నడుమ దోసకాయచక్రములు మొదలగునవి పెట్టిన శాండ్విచ్చులు, నడిమిపళ్లెమున స్కోనులను మెత్తని బిళ్లరొట్టెలు, వానికి తోడుగా చిక్కని మీగడయు పండ్లపాకమును, మీదిపళ్లెమున తీపివంటకములు. క్రిందనుండి పైకి దినుచు బోవుట వాడుక. అనగా ఉప్పదనమున మొదలిడి తీపితో ముగింపు. మన విస్తరిలో తీపి మొదట వచ్చును. వీరిది దానికి విలోమము. మేము గ్రుడ్డు ముట్టనివారము గనుక ఆ సంగతి ముందుగనే తెలిపియుంటిమి. వేఱుగ జేసిన పదార్థములనే తెచ్చిరి. దీనిని మన దేశపు హోటళ్లలో "హై టీ" యనుట పరిపాటి. కాని ఇంగ్లండులో నా మాట మొదట పనిపాటల వారు సాయంకాలము ఎత్తుబల్లకడ దినెడి గట్టి భోజనమునకు పేరు. దొరసానులది "మధ్యాహ్నపు టీ".

ఆ దొరసానుల యాచారము 1840వ సంవత్సర ప్రాంతమున బెడ్‌ఫర్డు డచ్చెస్ అన్నా మరియాగారి వలన ప్రబలెనందురు. రాత్రిభోజన మాలస్యమగుచుండుటచే మధ్యాహ్నమున నాకలికి తాళలేక ఆమె తేనీరును చిరుతిండియు తెప్పించుకొని, స్నేహితురాండ్రను బిలుచుచు వచ్చెనట. అంతకంటె గొప్ప విశేషము పిదప జరిగినది. మగతోడు లేక స్త్రీ బయట గూర్చుండి తినుట అప్రతిష్ఠయని యా దేశమునను దలంచుచుండిరి. 1864లో లండనులో నేరేటెడ్ బ్రెడ్ కంపెనీవారు తేనీటిశాలలు పెట్టిరి. 1878లో గ్లాస్గో నగరమున కేట్ క్రాన్‌స్టన్ అను స్త్రీ స్వయముగా నొక తేనీటిశాల స్థాపించెను. 1894లో లయన్సువారి శాలలు మొదలైనవి. ఈ చోట్ల స్త్రీలు నిర్భయముగా గూడి మాటలాడుకొనిరి. ఓటుహక్కుకై పోరాడిన స్త్రీలు సమావేశమైన తావులలో నివియు గలవు. గిన్నెడు తేనీరు, కూర్చుండుటకొక కుర్చీ, గంటసేపు తీరిక — ఈ మూడింటి నుండి యెంత పని పుట్టినదో చూడుడు.

ఆ గిన్నెలోనికి వచ్చిన యాకు చరిత్రలో మనవారును గలరు. అస్సాములో 1823లో రాబర్ట్ బ్రూసు తేయాకుచెట్ల యునికిని దెలిసికొనెను. 1839లో అస్సాం కంపెనీ యేర్పడెను. ఆ తోటలలో పనికై మోసికొనిపోబడిన కూలీలలో గంజాము, విశాఖపట్టణము మండలముల తెలుగువారు పెక్కుండ్రు. వారి సంతతివా రిప్పటికిని నచట నున్నారు. ఆకు గిల్లువారిలో నధికసంఖ్యాకులు స్త్రీలే. చిగురును రెండాకులను ఒడుపుగా గిల్లి వీపుబుట్టలో వేయు ఆ చేతులు లేనిదే ఏ రాజసౌధమునను బంగారుపూత గిన్నెకు రుచి లేదు.

ఆనాటి ముచ్చటలలో మాకు మఱపురాని దొక్కటి. వడ్డించుటకు వచ్చినవాడు ఇరువది యేండ్ల చిన్నవాడు. వాడు తేనీటికూజాను బల్లమీద నుంచుటయే తడవుగా మా యత్తగారు లేచి, కొంగు నడుమున దోపి, కూజాను చేత బట్టిరి. యాబదియేండ్ల యలవాటు! వాడు నొచ్చుకొనక, "మీరు కూసోండమ్మా, నేను పోస్త" అనెను. ఆమె కూర్చుండి గూడ చేతులేమి చేయవలెనో తోచక ఒడిలో నలుపుకొనుచుండిరి. పిదప, "నీదే యూరు నాయనా?" అని యడిగిరి. పాలమూరు దగ్గఱి పల్లెయని వాడు చెప్పెను. "మీ యమ్మ యిక్కడికి వచ్చి చూచినదా?" "రాలేదమ్మా. ఫోన్ల ఫోటోలు చూపిచ్చిన. ఇంత పెద్దింట్ల నువ్వేం పని జేస్తున్నవు బిడ్డా అని అడిగింది. చాయ్ పోస్తున్న అంటె నవ్వింది. ఇంట్ల ఎన్నడు పోయలేదు గదా అన్నది."

మేము నవ్వితిమి, వాడును నవ్వెను. అత్తగారు మాత్రము నవ్వలేదు. గిన్నె చేత బుచ్చుకొని నెమ్మదిగా నొక గుక్క త్రాగి, "చక్కగా పోసినావు. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ యమ్మను కూర్చుండబెట్టి, ఇట్లే ముందు గిన్నె యామెకు పోయుము" అనిరి. వాడు తల యూపెను. ఆ తరువాత ఆమె కుర్చీకి వీపు జేరవైచి, చేతులు నలుపుకొనుట మాని, కొండక్రింద దీపములు వెలుగువఱకును కదలక కూర్చుండిరి. రెండవమాఱు గిన్నె నింపించుకొనిరి. ఆమె యట్లు కూర్చుండుట మా కాపురములో మేము చూచుట యదియే ప్రథమము.

భాగవతములోని కుచేలోపాఖ్యానమును మన మెన్నిమాఱులో చదివియుందుము. ద్వారకలో శ్రీకృష్ణుడు స్వయముగా నాతని కాళ్లు కడిగెను. రుక్మిణీదేవి వీవన బట్టెను. ఆ యాదరమునకు వెల లేదు. ఫలక్‌నుమాలో మాకు లభించినది వెల గల యాదరము. లేచునప్పుడు చీటీ వచ్చును. ఐనను వెల యిచ్చితిమని వడ్డించిన చేతిని జూడకుండుట కూడదు. ఆ చీటీ తీర్చినంతమాత్రమున తీరని బాకీ యొకటి మిగిలియున్నది. అది యా చిన్నవానికంటె మా యింటి పెద్దావిడకే మేము పడియున్నది. ఆమె మా కాపురములలో పోసిన కాఫీగిన్నెలకు చీటీ వ్రాయుమన్న నెవరు వ్రాయగలరు?

సోదరీమణులకు కొన్ని సూచనలు. అచ్చట బస చేయనివారు ముందుగా స్థానము నిర్ణయించుకొననిదే పోరాదు. ఆహారనియమము లున్నచో అప్పుడే చెప్పవలెను. ఎండ తగ్గినపిదప సూర్యాస్తమయము చూచునట్లు పోవుట మేలు. భోజనము తేలికగా జేసి పోవుడు. మూడు పళ్లెములును తక్కువవి కావు. అంత వ్యయము కూడనివారు నగరములో నిరానీ చాయయు ఉస్మానియా బిస్కత్తులును రుచి చూడవచ్చును. ఏడవ నిజాము పేరు వహించిన యా బిస్కత్తు తీపియు నుప్పును గలిసి మా కెంతయు నచ్చినది. కాని మేము చూచిన యిరానీ హోటళ్లలో బల్లలన్నియు పురుషులతోడనే నిండియుండెను. వేలు పోసినచోట స్త్రీకి కుర్చీ లాగి వేయుదురు. కొద్ది డబ్బులకు తేనీ రిచ్చుచోట ఆమె నిలువ జాగా వెదకుకొనవలసివచ్చును. ఇది కాలము మార్చవలసిన సంగతి. నలుగురు స్త్రీలు గూడి పోయి కూర్చుండుటవలననే యది మాఱును.

ఇప్పుడు మా యింట నాలుగుగంటలకు కాఫీ కలుపుట వంతులవారీగా జరుగుచున్నది. గురువారమునాడు మావారి వంతు. డికాషను పలుచనగును, పాలు పొంగును, పొయ్యి తుడుచుట మరచెదరు. ఐనను మొదటి గిన్నె యత్తగారికే వచ్చును. ఆమె కూర్చుండియే పుచ్చుకొనుచున్నారు.