తాత తుపాకికి ఎక్స్‌ఛేంజ్ ఆఫర్

ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ అంటే మనకి గుర్తొచ్చేది పాత ఫోన్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం. ఈ సెమిస్టర్ సెలవుల్లో మా ఇంట్లో నడిచింది కూడా అలాంటి బేరమే. కాకపోతే ఇవ్వాల్సింది తాత కాలం నాటి డబుల్ బ్యారెల్ తుపాకి, తెచ్చుకోవాలనుకున్నది రివాల్వర్. ఫైనల్స్‌కి రెండు రివాల్వర్లు వచ్చాయి, ఒకటి నిర్భీక్, ఇంకోటి ప్రబల్. ఏది మంచిదో తేల్చే పని నాన్న నాకు అప్పగించాడు. "కంప్యూటర్ చదువుతున్నావు కదా పాపా, రెండూ కంపేర్ చేసి పెట్టు" అన్నాడు. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు నేను వేసిన ఎక్సెల్ షీట్ ఆయనకి బాగా నచ్చినట్టుంది.

మాది అనంతపురం వైపు. హాస్టల్లో ఈ మాట చెప్పగానే ఒకమ్మాయి తొడ కొట్టింది, ఇంకో అమ్మాయి సుమోలు గాల్లోకి లేపింది. సినిమాలు మమ్మల్ని అలా తయారుచేశాయి, ఏం చేస్తాం. నిజానికి మా ఊళ్ళో లైసెన్స్ తుపాకి ఉన్న ఇళ్ళు రెండే, ఆ రెండూ పందుల కోసం తెచ్చుకున్నవే. శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే టైంకి గుట్టల్లోంచి అడవిపందులు గుంపుగా దిగుతాయి. ఒక్క రాత్రిలో అరెకరం దున్నేసి పోతాయి. అందుకని తాత మంచె మీద పడుకునేవాడు, పక్కన తుపాకి, టార్చిలైటు, కొట్టడానికి ఒక ఖాళీ నూనె డబ్బా. పందిని కొట్టడానికి మాత్రం కాదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక పర్మిషన్ లేకుండా అడవిపందిని చంపితే కేసే. తాత గాల్లోకే పేల్చేవాడు. తుపాకిలో ఆయనకి కావాల్సింది గుండు కాదు, శబ్దం.

అవ్వ దగ్గర ఈ తుపాకి గురించి వేరే లెక్క ఉంది. రాత్రి ఇంట్లో పడుకుని చేనువైపు చెవి పెట్టి ఉండేదట. ఒక పేలుడు వినిపిస్తే పందులు వచ్చాయని. కాసేపటికి రెండోది వినిపిస్తే అవి పోయాయని, మనిషి బాగున్నాడని. ఒకటే వినిపించి రెండోది రాకపోతే? "అప్పుడేం చేసేదానివి అవ్వా?" అని అడిగాను. "లాంతరు పట్టుకుని నేనే పోతాంటి" అంది. రెండుసార్లు అలా పోయిందట. రెండుసార్లూ తాత మంచె మీద గురకపెట్టి నిద్రపోతున్నాడట.

ఆ తుపాకి ఎక్కడ పుట్టిందో నేను కనిపెట్టాను, ఆ విషయంలో కొంచెం గర్వంగానే ఉంది. గొట్టాల అడుగున, చెక్క తీస్తే గానీ కనిపించని చోట, కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర ఉంది. అందులో ఈ.ఎల్.జి. అనే అక్షరాలు, పైన చిన్న కిరీటం. వెతికితే తేలింది, అది బెల్జియంలో లీజ్ అనే ఊరి తుపాకుల పరీక్షాశాల గుర్తు. అక్కడ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, పగలకపోతే ఆ ముద్ర వేస్తారు. లీజ్ నుంచి మా మంచె దాకా అది ఎన్ని చేతులు మారి వచ్చిందో లైసెన్స్ బుక్కులో లేదు. తాత మాత్రం ఎప్పుడూ "ఇంగ్లీషు తుపాకి" అనే చెప్పేవాడు. చెక్కేది ఎవరైనా, తెల్లవాడు చేస్తే ఆయన లెక్కలో ఇంగ్లీషే.

12 బోరు అనే మాట చిన్నప్పటినుంచి వింటున్నా, 12 దేనికో తెలియదు. మిల్లీమీటర్లు కావు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గోళీలుగా చేస్తే, ఆ ఒక్క గోళీ ఎంత లావుంటుందో అంత గొట్టం. దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అంటే 16 బోరు అంటే నంబర్ పెద్దది, గొట్టం చిన్నది. ఈ పేర్లు పెట్టినవాళ్ళెవరో గానీ మన ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో వేరియబుల్స్‌కి పేర్లు పెట్టే బ్యాచ్‌కి తాతలు.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మొదట కదిలేది ఈ తుపాకే. కోడ్ రాగానే కబురొస్తుంది, తీసుకెళ్ళి స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాలి. 2024 ఎలక్షన్లకి నేనే నాన్నతో బండి వెనకాల కూర్చుని, గోనెసంచిలో చుట్టిన తుపాకిని నిలువుగా పట్టుకుని వెళ్ళాను. దారిలో ఒకాయన ఆపి "పాపా, పైపులు ఎంతకు తెచ్చిరి?" అని అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా చేను సోలార్ కంపెనీకి లీజుకి పోయింది. మంచె ఉన్న చోట ఇప్పుడు నల్లటి పలకలు, చుట్టూ కంచె. శెనక్కాయ లేదు, పందులు లేవు. తాత మూడేళ్ళ కింద పోయాడు. అంతకు చాలా ముందే, ఆయనకి డెబ్భై దాటాక, లైసెన్స్ నాన్న పేరుకి మారింది. నాన్న ఇప్పుడు హైవే పక్కన పెట్రోల్ బంక్ నడుపుతున్నాడు. రాత్రి పదింటికి కలెక్షన్ సంచి తీసుకుని పద్దెనిమిది కిలోమీటర్లు బండి మీద ఇంటికొస్తాడు. పోయినేడు ఇంకో బంక్‌లో పనిచేసే మేనేజర్‌ని చీకట్లో ఆపి, చెయ్యి విరగ్గొట్టి సంచి లాక్కుపోయారు. అప్పటినుంచి నాన్న మనసులో రివాల్వర్ పడింది. నాలుగడుగుల తుపాకిని నడుముకి కట్టుకుని బండి నడపలేడు కదా.

"అయితే రెండూ ఉంచుకోవచ్చు కదా నాన్నా?" అని అడిగాను. చట్టం ఒప్పుకుంటుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషికి మూడు దాకా ఉన్న తుపాకుల్ని రెండుకి తగ్గించారు, లైసెన్స్ గడువేమో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేశారు. కానీ మా లైసెన్స్‌లో రాసిన కారణం పంట కాపలా. పంటే లేనప్పుడు రెన్యువల్‌కి వెళ్ళి ఏమని చెప్తాం అన్నది నాన్న ప్రశ్న. అదీగాక పాతదానికి ఎంతో కొంత వస్తే కొత్తదానికి సాయం అవుతుందని ఆశ.

ఆ ఆశ డీలర్ దగ్గర పది నిమిషాలు కూడా నిలవలేదు. ఆయన తుపాకిని మధ్యలో విరిచి, గొట్టాల్లోంచి లైటు వైపు చూసి, కొలత పెట్టి, "ఇది పాత చాంబర్ సార్, 65 మిల్లీమీటర్లు. ఇప్పుడొచ్చే తూటాలు 70వి. వేయకూడదు, ప్రమాదం" అన్నాడు. ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. నాన్న ఏం మాట్లాడలేదు. నా పాత ఫోన్‌కి తొమ్మిది వేలొచ్చాయి మరి.

తర్వాత రివాల్వర్లు చూపించాడు. నా చేతికి ఇవ్వలేదు, లైసెన్స్ ఉన్నవాళ్ళకే అన్నాడు, అది కరెక్టే. నేను పక్కన నిలబడి చూశాను. నిర్భీక్ 2014లో వచ్చింది, కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది. టైటానియం మిశ్రమం, బరువు 525 గ్రాములే. వచ్చిన కొత్తలో ధర 1,22,360 రూపాయలు. ప్రబల్ 2023 ఆగస్టులో వచ్చింది, అదీ కాన్పూర్‌దే. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని 2021లో ఏడు కంపెనీలుగా విడగొట్టాక వచ్చిన కొత్త కంపెనీ పేరుతో. తూటాలు లేకుండా 700 గ్రాములు, గొట్టం 76 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దాకా పనిచేస్తుందని దాని ప్రచారం. నిర్భీక్‌కి చెప్పేది 15 మీటర్లు. రెండింట్లోనూ పట్టేవి ఆరే తూటాలు, పాయింట్ 32వే.

నా షీట్‌లో నేను ఎక్కువసేపు కూర్చున్నది బరువు దగ్గర. అందరూ తేలికైనదే మంచిదనుకుంటారు, జేబులో పెట్టుకోవడానికి నిజమే. కానీ పేలేది ఒకే రకం తూటా. వెనక్కి తన్నే ఊపు ఇంచుమించు ఒకటే, దాన్ని మోసే బరువు మాత్రం ఒకచోట 525, ఒకచోట 700. ఇంటర్ ఫిజిక్స్‌తో లెక్కేసినా తేలికదాని తన్ను వేగం మూడోవంతు ఎక్కువ. జీవితంలో ఎప్పుడూ రివాల్వర్ పేల్చని నలభై తొమ్మిదేళ్ళ మనిషికి, అదీ చీకట్లో, భయంలో, ఆ మూడోవంతు చిన్నది కాదు. మొదటి గుండు ఎటు పోతుందో తెలియదు, రెండోది ఇంకా తెలియదు.

రెండో తేడా తెరుచుకునే పద్ధతి. నిర్భీక్ పాత వెబ్లీ రివాల్వర్ల లాగా మధ్యలోకి విరుగుతుంది, విరవగానే ఆరు ఖాళీ తొడుగులూ ఒకేసారి పైకి లేస్తాయి. ప్రబల్‌లో తూటాల చక్రం పక్కకి తెరుచుకుంటుంది. నాన్న నిర్భీక్‌ని విరిచిన తీరు చూస్తే నాకు అర్థమైంది, ఆ చేతులకి ఆ పని ముందే తెలుసు. తాత తుపాకి కూడా అలాగే మధ్యలోకి విరుగుతుంది. ఆయన దాన్ని రెండుసార్లు విరిచి మూశాడు, అవసరం లేకపోయినా.

అప్పుడు డీలర్ ఒక మాటన్నాడు. "ఇది లేడీస్ కోసం చేసిన మోడల్ సార్. రేపు మీ పాపకి కూడా పనికొస్తుంది." నిజమే, నిర్భీక్‌ని మన దేశంలో ఆడవాళ్ళ కోసం తీసిన మొదటి తుపాకి అని చెప్పే అమ్మారు. 2012 ఢిల్లీ ఘటన తర్వాత నిర్భయ అన్న పేరుకి అదే అర్థమొచ్చే ఇంకో మాట వెతికి పెట్టారు. నగల పెట్టె లాంటి మెరూన్ రంగు పెట్టెలో వస్తుంది. నాకు ఆ పెట్టె చూస్తే నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. లక్షా ఇరవై రెండు వేలు పెట్టగలిగే అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి షేర్ ఆటో ఎక్కదు. షేర్ ఆటో ఎక్కే నాకు లైసెన్స్ రావాలంటే ఇంకా రెండేళ్ళు ఆగాలి, 21 నిండాలి. ఇక నాన్న లైసెన్స్ మీదున్న రివాల్వర్ నేను హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటే నేనే ముద్దాయిని. "నాకు పనికిరాదండీ" అన్నాను. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు.

ఇంటికొచ్చాక షీట్ చూపించాను. ప్రబల్ కాలమ్‌లో పాయింట్లు ఎక్కువ. అమ్మ స్క్రీన్ వైపు చూడకుండా ఒకటే అడిగింది. "ఇది ఇంట్లో ఎక్కడ పెడతారు?"

తమ్ముడు ఆరో క్లాసు. తాత తుపాకి బీరువా పైన ఉండేది, తూటాలు వేరే చోట, తాళం అవ్వ కొంగుకి. నాలుగడుగుల పొడవున్న వస్తువుని పదకొండేళ్ళ పిల్లాడు ఎవరికీ కనపడకుండా తీయలేడు. రివాల్వర్ అయితే స్కూల్ బ్యాగ్‌లో లంచ్ బాక్స్ పక్కన పడుతుంది. పెట్టెలో పెట్టి తాళం వేస్తానని నాన్న అన్నాడు, రూల్సు కూడా అదే చెప్తాయి. అమ్మ వదల్లేదు. "ఇంటికొచ్చి అన్నం తిని నిద్రపోయేలోపల ఒక్కరోజు తాళం మర్చిపోతే?" ఆ గడికి నా షీట్‌లో కాలమ్ లేదు. ఇంకో మాట కూడా అంది, అది నాకు ఇప్పటికీ తిరుగుతోంది. "ఆ తుపాకి పందుల్ని బెదిరించను తెచ్చిరి. దీన్ని మనిషిని కాల్చను తప్ప ఇంకేంటికి తెస్తారు?"

నాన్న చాలాసేపటికి "నన్ను కొట్టి సంచి లాక్కుంటే అప్పుడేం చేద్దాం?" అన్నాడు. దానికీ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ మేనేజర్ చెయ్యి ఇంకా సరిగ్గా పైకి లేవదు.

నేను వేరే లెక్క తీశాను. బంక్ అకౌంట్ ఆరు నెలలది చూస్తే సగం పైగా యూపీఐలోనే వస్తోంది. క్యాష్ ఇచ్చేది ముఖ్యంగా లారీల వాళ్ళు, వాళ్ళు ఎక్కువగా వచ్చేది పగలే. సాయంత్రం నాలుగులోపల బ్యాంకులో కట్టేస్తే రాత్రి సంచిలో మిగిలేది ఇరవై వేల లోపే. నాన్న ఆ లెక్క ఒప్పుకున్నాడు, మరుసటి రోజు నుంచి అలాగే కడుతున్నాడు కూడా. అయినా రివాల్వర్ వద్దనలేదు. "సంచిలో ఇరవై వేలున్నాయని దొంగకి ఎవరు చెప్తారు?" అన్నాడు. దీనికి కూడా నా దగ్గర జవాబు లేదు. ప్రబల్‌కే అర్జీ పెట్టాడు. పాతది లైసెన్స్‌లోంచి కొట్టేసి కొత్తది ఎక్కించమని కలెక్టరేట్‌కి కాగితం, పోలీసుల ఎంక్వైరీ, ఆ తతంగమంతా ఉంది. అమ్మ రెండు షరతులు పెట్టింది. ఇంట్లోకి రాగానే తూటాలు తీసి అవ్వకి ఇవ్వాలి. తమ్ముడికి తాళం ఎక్కడుందో తెలియకూడదు.

తుపాకి పోతోందని అవ్వ ఏడుస్తుందని నేను అనుకున్నాను. ఏడవలేదు. "తూటాల బెల్టు కూడా అడిగినాడా వాడు?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. తోలు బెల్టుని ఆముదం రాసి తన ట్రంకుపెట్టెలో, పెళ్ళి చీర కింద పెట్టుకుంది. ఖాళీ తూటాల తొడుగులు మూడు తమ్ముడు అడిగాడు, ఇవ్వలేదు.

మొన్న ఆదివారం ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఫైల్ ఇంకా కదల్లేదు, ఎస్పీ ఆఫీసు దగ్గరే ఆగిందన్నాడు నాన్న. వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది, "ఉండనీ, తొందరేముంది" అని.